అమ్మ పళ్లు... పాపాయి పళ్లు!

మన్యం పల్లెల్లోకి బ్రష్షు కంటే ముందే బిస్కెట్ వెళ్లింది. దంతవైద్యుడి కంటే ముందే చాక్లెట్ చేరింది. వాటి మధ్య నలిగిపోతున్నవి... చిన్నారుల పాలపళ్లు. వాటిని కాపాడే మందు ఎక్కడో పట్నంలో లేదు. చాలావరకూ అమ్మ చేతిలోనే ఉంది!

అరకు అనగానే ఏం గుర్తొస్తాయి? బొర్రా గుహలు, సొరంగాల్లోంచి దూసుకెళ్లే రైలు, కొండవాలున విరగబూసిన పచ్చటి వలిసెపూలు, థింసా అడుగులు, ఘుమఘుమలాడే కాఫీ... వాటితోపాటే, రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయే బండ్లకు చెయ్యూపే చిన్నపిల్లలూ గుర్తొస్తారు. ఈసారి వెళ్లినప్పుడు ఆ పిల్లల నవ్వుల్ని కాస్త పరీక్షగా చూడండి. మూడేళ్లు, నాలుగేళ్లు నిండీ నిండకుండానే కొందరికి పైవరస ముందుపళ్లు అరిగి, గోధుమరంగు మోడుల్లా మిగిలి ఉంటాయి.

అలాగని ఇది కొండల్లోనే ఉన్న జబ్బు కాదు. 2002-03లో భారత దంతవైద్య మండలి దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి పుచ్చిపళ్లు ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి! ప్రపంచం మొత్తమ్మీద 51 కోట్లకు పైగా పిల్లల పాలపళ్లు పుచ్చి ఉన్నాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన లెక్క.

మరి తేడా ఎక్కడుందీ అంటే... ఆ తర్వాత జరిగేదాంట్లో. పట్నంలో పిల్లాడికి పన్ను సలిపితే ఆ సాయంత్రమే ఏదో ఒక క్లినిక్కు తీసుకెళతారు. కొండమీది పల్లెలో ఆ పిల్లాడు నొప్పిని ఓర్చుకోవడం నేర్చుకుంటాడు!

పాలపన్నేగా... ఊడిపోదూ!

ఇంటింటా వినిపించే మాటే ఇది. అరకులో అయినా అమీర్‌పేటలో అయినా ఒకటే ధీమా. పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా, వాటికి వైద్యం ఎందుకని!

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. పాపాయికి ఆరో నెల అటూఇటూగా మొదటి పన్ను వస్తుంది. రెండున్నరేళ్లు వచ్చేసరికి మొత్తం 20 పళ్లూ వచ్చేస్తాయి. వాటిలో ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడినా వెనకాల దవడపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సిందే. రెండేళ్ల వయసులో పుచ్చిన పన్నుతో ఆ బిడ్డ ఎనిమిదేళ్లు, పదేళ్లు నెట్టుకురావాలన్నమాట!

నొప్పితో నమల్లేని పిల్లలు తిండి తగ్గించేస్తారు. రాత్రి నిద్రుండదు. అసలే బరువు తక్కువ పిల్లలున్న చోట ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. చీము పట్టి బుగ్గ వాచి జ్వరం వచ్చిందంటే ప్రాణాలకే ముప్పు రావచ్చు. పాలపన్ను ముందే ఊడిపోతే కింద నుంచి రావాల్సిన పన్నుకు దారి తప్పి వంకరగా వస్తుంది. ఇంకో సంగతి... ఆరేళ్లప్పుడు చిట్టచివర ఓ పెద్ద దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి దాన్నీ పాలపన్నే అనుకుంటారు చాలామంది. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. చుట్టూ పుచ్చిన పళ్లుంటే దానికీ పుచ్చు అంటుకోవడానికి ఎంతోకాలం పట్టదు.

కొండెక్కిన తీపి

బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, గదబ, పోర్జ, ఖోండ్... ఏజెన్సీలో ఏ తెగ ఇంట చూసినా ఒకప్పటి తిండి దాదాపు ఒకటే. చోడి అంబలి, సామలు, కొర్రలు, దుంపలు, పప్పుధాన్యాలు, కాలాన్నిబట్టి పనస, సీతాఫలం. తీపి అంటే పండో, ఎప్పుడైనా దొరికే తేనెపట్టో! రోడ్లు వచ్చాయి. మంచిదే. ఆస్పత్రికి దారి దొరికింది, పంటకు ధర దొరికింది. అదే రోడ్డు మీద చిన్న ప్యాకెట్లలో బిస్కెట్లు, చాక్లెట్లు, తీపి డ్రింకులూ వచ్చాయి. వారపు సంత నుంచి తిరిగొచ్చే అమ్మ కొంగున బిడ్డకోసం ఏదో ఒక పొట్లం ఉండాల్సిందే. పొద్దున్నే చక్కెర వేసిన టీలో ముంచిన బిస్కెట్టే కొందరు పిల్లలకు తొలి ఆహారం.

ఇలా తీపి చేరగానే పళ్లు పాడవడం ప్రపంచానికి కొత్తేం కాదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడిమధ్యన ట్రిస్టన్ డ కున్హా అనే బుల్లి దీవి ఉంది. బంగాళాదుంపలు, చేపలే అక్కడివారి ప్రధాన ఆహారం. 1937-38లో నార్వే శాస్త్రవేత్తల బృందం వెళ్లి చూస్తే వాళ్ల పళ్లు ఆశ్చర్యపోయేంత గట్టిగా ఉన్నాయి. తర్వాత దీవికి చేపల శుద్ధి కర్మాగారం వచ్చింది. చేతిలో కూలి డబ్బులు ఆడాయి. దుకాణంలోకి చక్కెర, మైదా, మిఠాయిలు వచ్చాయి. 1961లో అగ్నిపర్వతం బద్దలై దీవి జనమంతా ఇంగ్లండ్‌కు తరలివెళ్లేనాటికి పుచ్చిపళ్లు అక్కడ మామూలైపోయాయి. మనుషులు వాళ్లే. మారింది తిండి, అంతే!

ఎంత తిన్నారని కాదు... ఎన్నిసార్లు తిన్నారని!

పన్ను పుచ్చడానికి పురుగు కారణమనే నమ్మకం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. నేలములక గింజల పొగ పట్టి పురుగుల్ని రాల్చామని చూపించేవాళ్లూ ఉన్నారు. నిజానికి పంటిలో పురుగు ఉండనే ఉండదు. ఉండేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనేది వాటిలో పేరుమోసిన దొంగ. మనం తిన్న చక్కెరనే అది తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పంటిపైనున్న గట్టి ఎనామిల్ పొరలోని ఖనిజాల్ని కరిగిస్తుంది.

తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే ఈ దాడి మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, పోయిన ఖనిజాన్ని తిరిగి పూడ్చడానికి కొంత వ్యవధి కావాలి. అరగంట నుంచి గంట దాకా పట్టొచ్చు. ఓ బిస్కెట్ ప్యాకెట్‌ని పిల్లాడు ఒకేసారి తినేస్తే ఒక్క దాడి. అదే ప్యాకెట్‌ని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కోటీ ఎనిమిదిసార్లు తింటే ఎనిమిది దాడులు! పూడ్చుకునే తీరికే పంటికి ఉండదు. పొలంలో, కాఫీ తోటలో పనిచేసుకునే తల్లి ఏడుపు మానడానికని మధ్యమధ్యలో ఒక్కో బిస్కెట్ చేతిలో పెట్టడం వల్ల జరిగేది సరిగ్గా ఇదే.

రాత్రిళ్లు మరీ ప్రమాదం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. చక్కెర కలిపిన పాలసీసాని నోట్లో ఉంచుకునే నిద్రపోయే బిడ్డ పైపళ్లు తెల్లవార్లూ ఆ తీపిలోనే నానతాయి. కింది ముందుపళ్లకు నాలుక అడ్డుంటుంది కాబట్టి అవి కొంత బయటపడతాయి. పసిపిల్లల్లో పైపళ్లే ముందు పుచ్చడానికి కారణం ఇదే. మరి తల్లిపాలో? ఆర్నెల్ల దాకా తల్లిపాలే. ఆ తర్వాతా రెండేళ్లూ, అంతకుమించీ కొనసాగించాల్సిందే. ఏడాది లోపు పిల్లల్లో తల్లిపాలు పంటికీ రక్షణే. ఏడాది దాటాక, తీపి పదార్థాలు కూడా తినే బిడ్డకు రాత్రంతా పాలు పడుతూనే ఉంటే మాత్రం పడుకోబోయే ముందు పళ్లు శుభ్రం చేయడం తప్పనిసరి.

కొండతేనె సంగతీ చెప్పుకోవాలి. గిరిజన సహకార సంస్థ అమ్మే మన్యం తేనె మనందరికీ ఇష్టమే. కానీ పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మంచిది కాదు. ఏడాది లోపు పిల్లలకు తేనె పడితే బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పళ్లు వచ్చాక... పంటి దృష్టిలో తేనె అయినా, బెల్లమైనా, పంచదారైనా ఒకటే!

అమ్మ నుంచి అంటుకునేది

పుట్టినప్పుడు పాపాయి నోట్లో ఈ దొంగ సూక్ష్మజీవి ఉండదు. మరెక్కణ్నుంచి వస్తుంది? ఎక్కువగా అమ్మ నోట్లోంచే! తల్లీబిడ్డల నోళ్లలోని సూక్ష్మజీవుల్ని పోల్చి చూసిన పరిశోధకులకు చాలా సందర్భాల్లో రెండూ ఒకే రకమని తెలిసింది. అన్నం వేడి చూడ్డానికి చెంచా నోట్లో పెట్టుకుని అదే చెంచాతో బిడ్డకు తినిపించడం, నమిలి పెట్టడం... ఇవన్నీ దారులే. నాన్న, నాయనమ్మ, అక్క నుంచీ రావచ్చు.

అమ్మకు పుచ్చిపళ్లు ఎన్ని ఎక్కువుంటే ఆమె నోట్లో ఈ సూక్ష్మజీవులు అంత ఎక్కువ. బిడ్డకు అంత త్వరగా చేరతాయి. దీన్ని తిప్పి చూస్తే ఓ మంచి వార్త కనిపిస్తుంది. అమ్మ నోటిని బాగుచేస్తే బిడ్డ పళ్లూ బాగుంటాయి! ఫిన్లండ్‌లోని ఇలివియెస్కాలో దీన్ని పరీక్షించారు. బిడ్డకు మూడో నెల నుంచి రెండేళ్లు నిండేదాకా తల్లులు జైలిటాల్ అనే చక్కెర కాని తీపి ఉన్న చూయింగ్ గమ్ నమిలారు. మందు పిల్లలకు కాదు, అమ్మలకే! ఆ పిల్లలకు అయిదేళ్లు వచ్చాక చూస్తే, ఫ్లోరైడ్ పూత వేయించుకున్న తల్లుల పిల్లలకంటే వీళ్లలో పుచ్చు దాదాపు 70 శాతం తక్కువ. ఈ ఫలితాలు 2000 సంవత్సరంలో వెలువడ్డాయి. ఇంటింటికీ చూయింగ్ గమ్ పంచమని కాదు దీని అర్థం. పంటి వైద్యం బిడ్డ పుట్టకముందే, అమ్మ దగ్గరే మొదలవ్వాలని!

బిడ్డను ముద్దాడొద్దని కూడా కాదు. సూక్ష్మజీవి చేరినా తీపి అందకపోతే అది పెద్దగా ఏమీ చేయలేదు. చెంచా వేరు చేయడం, తీపి తగ్గించడం, అమ్మ తన పళ్లకు వైద్యం చేయించుకోవడం... ఈ మూడూ కలిస్తేనే ఫలితం.

కాన్పుకో పన్ను పోతుందా?

కడుపులో బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియాన్ని పీల్చేస్తుందనీ, అందుకే కాన్పుకో పన్ను రాలుతుందనీ పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. గర్భిణి పళ్లలోంచి కాల్షియం బిడ్డకు వెళ్లదు. అసలు కారణాలు వేరు. వేవిళ్లతో పుల్లటి ఆమ్లం పదేపదే నోట్లోకి వస్తుంది. నోరు బాగోలేదని ఏదో ఒకటి తీపి చప్పరిస్తారు. బ్రష్షు పెడితే వికారమని పళ్లు తోమడం మానేస్తారు. పైగా హార్మోన్ల మార్పులతో చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. రక్తం చూసి భయపడి తోమడం ఇంకా తగ్గిస్తారు!

వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు. చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించి, అరగంటో గంటో ఆగి తోముకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు పంటి వైద్యం చేయించుకోకూడదనేదీ అపోహే. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య అయితే మరీ సౌకర్యం. నొప్పి, వాపు ఉంటే మాత్రం ఏ నెలలోనైనా ఆగకూడదు. తీవ్రమైన చిగుళ్ల జబ్బున్న గర్భిణుల్లో నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ పుట్టడం ఎక్కువని చాలా పరిశీలనల్లో కనిపించింది.

అడ్డపొగ... అమ్మ నోట్లో నిప్పు

ఉత్తరాంధ్ర పల్లెల్లో, మన్యంలో పెద్ద వయసు ఆడవాళ్లలో కనిపించే అలవాటు అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, పనిచేస్తుంటే నుసి రాలదు. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని డి.జి.రెడ్డి, వి.కె.రావు అనే వైద్యులు 1957లోనే హెచ్చరించారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, టాటా సంస్థకు చెందిన ఫలీ మెహతా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ఫలితాల్ని ప్రకటించారు. నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగేవాళ్లే!

పిల్లల పళ్లకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. పొగాకు చిగుళ్లను దెబ్బతీస్తుంది. పక్కనున్నవాళ్లు వదిలే పొగ పీల్చే పిల్లల్లో పాలపళ్ల పుచ్చు ఎక్కువగా కనిపించిందని 2003లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. అన్నింటికంటే ముఖ్యం... చుట్ట వెలిగించి తెమ్మని పంపిన కూతురు దారిలో ఒక దమ్ము లాగుతుంది. అలా అలవాటు తరం నుంచి తరానికి దిగుతుంది. అంగిలి మీద తెల్లటి మచ్చ, మానని పుండు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

కరెంటు లేకపోయినా వైద్యం!

అరకు నుంచి విశాఖకు దాదాపు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డులో రానూపోనూ ఒక రోజు. అంటే ఒక రోజు కూలి పోయినట్టే. జబ్బుచేసిన మనిషిని ఇంకా డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లున్న చోట, పన్ను నొప్పికి ఎవరు కదులుతారు? అందుకే కొండలకు కావాల్సింది కుర్చీ, డ్రిల్లింగ్ మిషనూ ఉన్న క్లినిక్ ఒక్కటే కాదు. సంచిలో పెట్టుకుని ఊరికి వెళ్లగలిగే వైద్యం.

అలాంటివి ఉన్నాయి. 1980ల మధ్యలో ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైన పద్ధతిలో కరెంటు, మిషన్లు ఏమీ అక్కర్లేదు. చేతి పనిముట్లతో పుచ్చిన భాగాన్ని గీకేసి గ్లాస్ అయానమర్ అనే సిమెంటుతో నింపేస్తారు. ఇంకోటి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం. పుచ్చిన చోట ఒక చుక్క రాస్తే చాలావరకూ పుచ్చు ముదరకుండా ఆగిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు. రాసినచోట పన్ను నల్లబడుతుంది, అదొక్కటే లోపం. ఈ రెంటినీ, ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

వీటిని మోసుకెళ్లే దారులు కూడా ఉన్నవే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. ఆ జాబితాలో పుచ్చిపళ్లు కూడా ఉన్నాయి. గర్భిణుల కోసం ప్రతి నెలా 9న ప్రత్యేక పరీక్షలు 2016లో మొదలయ్యాయి. బరువు, రక్తం, బీపీ చూసే చోటే ‘నోరు తెరువమ్మా’ అని ఒక్క మాట అడిగితే... టీకా వేసేప్పుడు బిడ్డ పెదవి ఎత్తి ఒక్కసారి చూస్తే... సగం పని అయిపోయినట్టే!

ఫ్లోరైడంటే భయమా?

మన రాష్ట్రాల్లో ఫ్లోరైడ్ అనగానే నల్గొండ కళ్లముందు మెదులుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషుల్ని మనం చూశాం. ఆనాటి నెల్లూరు జిల్లా ప్రాంతంలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. కాబట్టి అనుమానం సహజమే. తేడా అంతా మోతాదులో ఉంది. రోజూ లీటర్లకొద్దీ తాగే నీళ్లలో ఎక్కువైతే విషం. పేస్టులో కొద్దిగా పంటికి తగిలితే కవచం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ఉమ్మేయడం నేర్పాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగే ఊళ్లలో అయితే డాక్టర్నడిగి వాడాలి.

మరి పందుంపుల్ల? వేపపుల్లో, కానుగపుల్లో శ్రద్ధగా తోముకుంటే పాచి పోతుంది, తప్పులేదు. కాకపోతే అందులో ఫ్లోరైడ్ ఉండదు. బొగ్గు, ఇటుకపొడి మాత్రం వద్దు. అవి ఎనామిల్‌నే గీకేస్తాయి.

ఇవి పాటిస్తే చాలు!

* మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి. రోజుకు రెండుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా. ఆరేడేళ్ల దాకా అమ్మో నాన్నో దగ్గరుండి తోమించాల్సిందే.

* నెలకోసారి బిడ్డ పైపెదవి ఎత్తి చూడండి. చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే అదే పుచ్చుకు తొలి మెట్టు. అప్పుడే జాగ్రత్తపడితే పన్ను మళ్లీ గట్టిపడుతుంది. గోధుమరంగుకు తిరిగితే ఆలస్యమైనట్టే.

* పాలసీసాలో చక్కెర వద్దు. దాంతో నిద్రపుచ్చొద్దు. ఏడాది దాటాక గ్లాసుకు మార్చాలి.

* తీపి పెడితే భోజనంతోపాటే పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలోనూ చక్కెర ఉంటుంది. అది బిడ్డకు బలమే, మానొద్దు. తినిపించాక నాలుగు గుక్కల నీళ్లు తాగించండి.

* చిరుతిండికి వేయించిన పల్లీలు, గుడ్డు, చోడి రొట్టె, పండు. మన్యంలో కొదవలేనివి ఇవే.

* తీపి సిరప్‌లు వేసిన తర్వాత కూడా నోరు కడగాలి.

కొండల్లో పిల్లలకు చాక్లెట్లు పంచడం పర్యాటకులకు ఓ సరదా. ప్రేమతోనే ఇస్తారు. ఆ పిల్లలు ఎంతో సంబరంగా అందుకుంటారు కూడా. కానీ రోజుకు పది కార్లు ఆగితే, ఒక్కో కారులోంచి ఒక్కో చాక్లెట్ వస్తే... ఎన్నిసార్లన్నదే అసలు లెక్క కదా! ఈసారి అరకు ప్రయాణం పెట్టుకుంటే సంచిలో చాక్లెట్లకు బదులు నాలుగు చిన్న బ్రష్షులు, ఫ్లోరైడ్ పేస్టు గొట్టాలు వేసుకోండి. రోడ్డు మీద పంచకుండా ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు చేతిలో పెట్టండి. ఎలా తోమాలో, ఎంత పేస్టు వేయాలో ఆమే అమ్మలకు చూపిస్తుంది. మీ ఖర్చు ఇంచుమించు అంతే. కాకపోతే ఆ నవ్వు మాత్రం పదేళ్లు చెక్కుచెదరదు!